ఎనిమిది వందల పన్నెండు బాణాలు

ఆ ఏడాదిని పెరుగుదల సంవత్సరంగా ప్రకటించారు. ప్రకటించి ఊరుకున్నా బాగుండును. వెనకాలే ఒక ఉత్తర్వు కూడా దిగింది. ఇకమీదట ఏ కార్యాలయం నుంచి వచ్చే గ్రాఫయినా ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ ఉండవలెననీ, దిగే గ్రాఫులు స్వీకరించబడవనీ దాని సారాంశం. ఆస్పత్రుల వాళ్ళు రోగులు పెరిగారని చూపించి గట్టెక్కారు. జైళ్ళ వాళ్ళకు మొదటి నుంచీ బెంగే లేదు. అగ్నిమాపక కేంద్రం వాళ్ళు రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నారు, మూడో రోజున వాళ్ళ గ్రాఫు కూడా ఎక్కింది. ఎలా ఎక్కిందో మనకు అనవసరం. ఇరుక్కుపోయిందల్లా విశాఖపట్నంలోని సముద్రగర్భ మృత్తికా పరిశోధనాలయం ఒక్కటే.

పేరు అంత పొడుగే గానీ ఊళ్ళో దాన్ని బురదాఫీసంటారు. ఆటోవాళ్ళకు ఇంకో పేరు చెబితే తెలియదు. అక్కడి వాళ్ళు ఓడలో వెళ్ళి, సముద్రం అడుగున పొడుగాటి గొట్టం గుచ్చి, అందులోకి ఎక్కిన బురదతో సహా పైకి లాగుతారు. సముద్రంలో పుట్టి చచ్చిన ప్రతి చిన్న ప్రాణీ చివరికి చేరేది ఆ అడుగుకే. ఏడాది మీద ఏడాది పేరుకుంటూ పోతుంది కనక గొట్టం పై కొసన నిన్నా మొన్నటి బురద ఉంటుంది, కింది కొసన ఇరవై వేల ఏళ్ళ నాటిది. ఆ బురద కడిగితే దొరికే నలకంత గవ్వల్ని పట్టి, ఏ కాలంలో సముద్రం ఎంత పండిందో, అప్పుడు చలెంతో వేడెంతో చెబుతారు. ఇంత చదువూ నిలబడాలంటే ఒక్క విషయం తెలిసుండాలి. గొట్టానికి ఏ కొస పైది, ఏ కొస కిందిది? ఆ ఒక్కటీ చెప్పేవాడు సూరాడ ఎల్లాజీ.

ఎల్లాజీ గంగమ్మపేట జాలరి. ఆఫీసులో అతని హోదా అటెండరు. గొట్టం ఓడ మీదికి రాగానే, అది ఇంకా నిట్టనిలువునా వేలాడుతుండగానే, పై కొసను చూపిస్తూ నీలిరంగుతో ఒక బాణం గీస్తాడు. ఆ తరవాత గొట్టాలన్నీ చలిగదిలో అరల మీద అడ్డంగా పడుకుంటాయి. బాణం లేకపోతే దేనికి తలేదో తోకేదో ఎవరికీ పట్టుబడదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎనిమిది వందల పన్నెండు గొట్టాలు, ఎనిమిది వందల పన్నెండు బాణాలు. ఒక్కటి తప్పలేదు. ఒకసారి వాయుగుండంలో ఓడ ఊగిపోతుంటే అందరూ కడుపులో పేగులు కక్కుకుంటున్నారు, ఎల్లాజీ బాణం గీయడం అయ్యాకే కక్కుకున్నాడు. పేటలో వాళ్ళు పడవ గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటారో, అతను తన బాణాల గురించి అంత గొప్పగా చెప్పుకునేవాడు.

ఇంకో సంగతి. చలిగదిలో పనికి ఒక స్వెటరు ఇప్పించండని అతను చేరిన ఏడాది నుంచీ అర్జీ పెట్టుకుంటూ వచ్చాడు. విశాఖపట్నం ఉష్ణమండలంలో ఉన్నది కావున మంజూరు చేయ వీలుపడదని ఏటేటా జవాబొచ్చేది. ఇక నాలుగు నెలల్లో రిటైరవుతాడు కనక అతను అడగడం మానేశాడు.

సరే, గ్రాఫు దగ్గరికి వద్దాం. డాక్టర్ వరూధిని అనే శాస్త్రవేత్త పదకొండేళ్ళు బురద కడిగి, ఇరవై వేల ఏళ్ళలో మన సముద్రం ఎలా పండిందో ఒక గీత గీసింది. ఆ గీత దిగింది. మంచుయుగంలో ఎక్కువ పండిన సముద్రం రానురాను తక్కువ పండుతోందని దాని అర్థం. సరిగ్గా అదే వారం రాజధాని నుంచి పెరుగుదల సలహాదారు చయనులు గారు తనిఖీకి వచ్చారు. డైరెక్టర్ నీలాద్రిరావు గారు ఆయన ముందు జీడిపప్పూ, కొబ్బరినీళ్ళూ పెట్టి, తప్పనిసరై ఆ గ్రాఫూ పెట్టారు. గొట్టాలు చూపించాల్సి వస్తుందేమోనని ఎల్లాజీని తలుపు దగ్గర నిలబెట్టారు.

చయనులు గారు గ్రాఫును దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు. "ఉత్పాదకత తగ్గుముఖం పట్టినట్లు గమనించడమైనది" అన్నారు. ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని వినికిడి. "ఇందుకు బాధ్యులెవరు?"

"బాధ్యులంటే... ఎవరూ లేరండీ" అంది వరూధిని. "మంచుయుగం పోయాక వానలు పెరిగాయి. నదుల మంచినీళ్ళు సముద్రం మీద మూతలా పరుచుకున్నాయి. అడుగున ఉన్న సారం పైకి రావడం తగ్గింది."

"అనగా నదుల శాఖతో సమన్వయ లోపం. మెమో ఇచ్చారా?"

"ఎవరికండీ?"

"అప్పటి సంబంధిత అధికారికి."

"సార్, అది పదివేల ఏళ్ళ కిందటి మాట."

"ఫైలు ఎంత పాతదైనా బాధ్యత బాధ్యతే" అని చయనులు గారు, "సముద్ర ఉత్పాదకత క్షీణతకు బాధ్యుల నిర్ధారణ" అని పైన రాయించి ఒక కొత్త ఫైలు తెరిపించారు. నీలాద్రిరావు గారికి ముచ్చెమటలు పోశాయి. సముద్రం చేసిన నేరానికి తను బదిలీ అయ్యేట్టున్నాడు.

"ఇంతకీ ఏ కొస పాతదో ఏ కొస కొత్తదో నిర్ణయించునది ఏ అధికారి?" అని అడిగారు చయనులు గారు.

డైరెక్టరు తలుపు వైపు చూపించారు. "ఎల్లాజీ అండి. బాణం గీస్తాడు."

"హోదా?"

"అటెండరు."

చయనులు గారు చేతిలో జీడిపప్పు పళ్ళెంలో పడేశారు. "దేశం పెరుగుచున్నదా తరుగుచున్నదా అన్న విషయం ఒక అటెండరు గీసిన బాణము మీద ఆధారపడి ఉన్నదా? ఆ బాణములకు పైస్థాయి ఆమోదం ఉన్నదా?"

లేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమోదం లేని బాణాల మీద ఒక సంస్థ నడుస్తోందని ఆ క్షణాన అందరికీ తెలిసిపోయింది. "ఆమోదం లేని బాణము ఏ దిక్కుకైనా ఉండవచ్చును" అన్నారు చయనులు గారు. ఆయన అంతకన్నా ఏమీ అనలేదు. ఆయన స్థాయి వాళ్ళు అంతకన్నా అనరు. నీలాద్రిరావు గారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

మర్నాడు డైరెక్టరు స్వయంగా చలిగదికి వచ్చారు. ఆయన అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. "ఎల్లాజీ, ఆ బాణాలు స్పిరిటుతో తుడిచేసి రెండో కొస వైపు గీసెయ్యి. అన్నీ."

ఎల్లాజీ నోరు వెళ్ళబెట్టాడు. "బాబు, ఏటది? పైబురద మజ్జిగనాగ జారిపోద్ది, అడుగుబురద జున్నునాగ గట్టిగుంటాది. ముట్టుకుంటే తెలిసిపోద్ది కదా."

"పైవాళ్ళెవరూ బురద ముట్టుకోరయ్యా."

"పోనీ కాయితం మీద రాసియ్యండి బాబు. సేత్తాను."

"మౌఖిక ఆదేశాన్ని కాగితం మీద అడగడమంటే పై అధికారిని అనుమానించడమే. నీ రిటైర్మెంటు కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. బాణమే కదా, సముద్రానికేం తెలుస్తుంది?"

నిజమే, సముద్రానికేం తెలుస్తుంది అనుకున్నాడు ఎల్లాజీ. అలా అనుకోకపోతే చెయ్యి కదలదు. తొమ్మిది రోజులు పట్టింది. ఇంటికెళ్ళి ఈ పనీ ఆ మాటా చెబితే అతని భార్య అప్పయ్యమ్మ, చేపల గంప దించుతూ, "సముద్రాన్ని తిరగేసీనావన్నమాట. మరి నువ్వు తిన్నగున్నావా?" అంది. ఆ రాత్రి అతను అన్నం సరిగ్గా తినలేదు.

గ్రాఫు మాత్రం ఎక్కింది. మామూలుగా ఎక్కలేదు, నిచ్చెన వేసినట్టు ఎక్కింది. ఇరవై వేల ఏళ్ళుగా సముద్రం అలుపు లేకుండా పెరుగుతూ వస్తోందని పత్రికల్లో వేశారు. నీలాద్రిరావు గారికి శాలువా కప్పారు. వరూధిని అది తప్పని మూడు పేజీల లేఖ రాస్తే, "లేఖ శైలి దిగుముఖంగా ఉన్నది" అని తిప్పి పంపి, ఆమెను గ్రంథాలయంలో బీరువాలు సర్దే పనిలో పెట్టారు.

ఇక్కడితో ఆగితే మనకు ఈ కథ లేదు. గ్రాఫులకు ఒక దురలవాటుంది, ఆమోదించాక వాటిని ఎవరో ఒకరు చదువుతారు. వాతావరణ విభాగం వాళ్ళు చదివారు. గొట్టం తిరగబడింది కనక అడుగున ఉన్న మంచుయుగం ఇప్పుడు పై కొసకు వచ్చి కూర్చుంది. అంటే ఆమోదిత గ్రాఫు ప్రకారం ప్రస్తుతం నడుస్తున్నది మంచుయుగం. ఈ విషయం వాళ్ళు తెలుసుకున్నది మే నెల రెండో వారంలో.

మూడో వారంలో సర్క్యులరు వచ్చింది. "ప్రస్తుత శీతల పరిస్థితుల దృష్ట్యా సిబ్బంది యావన్మందీ ఉన్ని దుస్తులు ధరించవలెను. ఫ్యాన్ల వినియోగం నిషేధించడమైనది." బురదాఫీసులో అందరికీ స్వెటర్లూ, మంకీ క్యాపులూ పంచారు. బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. లోపల నీలాద్రిరావు గారు ఉన్నికోటు వేసుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, చెమట కారి తడిసిన ఫైళ్ళ మీద సంతకాలు చేస్తున్నారు. హెడ్డుగుమాస్తా వడకొట్టి పడిపోతే, చలికి స్పృహ తప్పినట్లు రాసి, ఆయనకు రెండు కంబళ్ళు కప్పారు.

స్వెటరు రానిది ఒక్క ఎల్లాజీకే. ఆరుబయట మంచుయుగం నడుస్తున్నందున, దానితో పోలిస్తే చలిగది వెచ్చని ప్రదేశం కిందికి వస్తుందనీ, కావున మంజూరు చేయ వీలుపడదనీ రాశారు. ఎల్లాజీ ఆ కాగితం చదివించుకుని నవ్వాడు. తరవాత అదే చలిగదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఊరంతటికీ చల్లగా ఉన్న చోటు అదొక్కటేనని కనిపెట్టి, మధ్యాహ్నం పూట ఆఫీసర్లు కూడా తనిఖీ పేరుతో ఒక్కొక్కరే అక్కడికి రావడం మొదలుపెట్టారు. వచ్చిన వాళ్ళు స్వెటరు విప్పి అతని చేతికే ఇచ్చి పట్టుకోమనేవారు.

అతను నవ్వింది అదే ఆఖరుసారి. జూన్ మొదటి వారంలో అప్పయ్యమ్మ చేపల గంపతో పాటు ఒక కాగితం కూడా తెచ్చి బురదాఫీసు గేటు దగ్గర నిలబడింది. పేటలో ప్రతి గుమ్మానికీ అంటించారట.

మంచుయుగంలో నీళ్ళన్నీ మంచుగడ్డలై బిగుసుకుపోవడం వల్ల సముద్రం చాలా దూరం వెనక్కి తగ్గి ఉండేది. ఇది నిజంగా నిజం, వరూధిని కూడా ఒప్పుకుంటుంది. తీరప్రాంత శాఖ వారు ఆ నిజాన్ని ఆమోదిత గ్రాఫుకు తగిలించారు. నోటీసులో ఇలా ఉంది: "ప్రస్తుతం సముద్రము గంగమ్మపేటకు తూర్పున నలభై కిలోమీటర్ల దూరమున ఉన్నట్లు నిర్ధారణ అయినది. కావున గంగమ్మపేట మెట్ట గ్రామము. మెట్ట గ్రామమున జాలరులు ఉండు అవకాశము లేనందున పేటవాసుల మత్స్యకార కార్డులు రద్దు చేయడమైనది. పడవలు నిలుపు స్థలము పెరుగుదల ఉద్యానవనమునకు కేటాయించడమైనది. పదిహేను దినములలో తొలగించని పడవలు సముద్రమునకు నలభై కిలోమీటర్ల దూరమున దొరికిన కలపగా పరిగణించబడును."

ఎల్లాజీ కాగితం పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. పేటలో డెబ్భై పడవలున్నాయి. అందులో రెండు అతని తమ్ముళ్ళవి. వాటికింద బతికే కొంపలెన్నో అతనికి వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేకుండానే తెలుసు.

"సముద్రానికేం తెలుస్తాదన్నావు" అంది అప్పయ్యమ్మ. "సముద్రానికి తెలీకపోతే పోనీ, మనకి తెలిసొచ్చింది సూడు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఈ పని ఏ అధికారి చేతులతోనూ జరగలేదు, తన చేతులతో జరిగింది.

పేటవాళ్ళు పెట్టుకున్న అర్జీ మీద విచారణ జరిగేసరికి పన్నెండు రోజులు గడిచిపోయాయి. చయనులు గారు మళ్ళీ వచ్చారు, ఈసారి ఉన్నికోటులో. కోటు కింద ఆయన ఉడికిపోతున్నారని చూసేవాళ్ళకు తెలుస్తోంది గానీ, తన ఆమోదంతో వచ్చిన మంచుయుగాన్ని ఆయన తీసివేయలేరు. పక్కన నీలాద్రిరావు గారు. బల్లకు ఇవతల ఎల్లాజీ, అప్పయ్యమ్మ. పిలవకపోయినా వరూధిని గ్రంథాలయం నుంచి వచ్చి గోడవారన నిలబడింది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది, అలల చప్పుడు కూడా వినిపిస్తోంది.

"బాబు, అదుగో సముద్రం" అన్నాడు ఎల్లాజీ చేయి చాపి. "నలభై కిలోమీటర్లేటి, నాలుగు వందల గజాలు లేదు."

చయనులు గారు అటు చూడలేదు. కర్టెను వెయ్యమన్నారు. వేశాక, "కంటికి కనబడునది ఆమోదిత సమాచారము కాదు" అన్నారు.

అప్పయ్యమ్మ ముందుకొచ్చి చీర కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టి పిండింది. బల్ల ముందు నేల మీద నీళ్ళు కారాయి. "పొద్దున పడవకాడ తడిసింది బాబు. నాకి సూడండి, ఉప్పో కాదో."

"అమ్మా, మీ చీర తడిసినట్లు మా వద్ద ఎట్టి నివేదికా లేదు."

"మరి నీ కోటు తడిసిందే, దానికున్నాదా నివేదిక?"

చయనులు గారు నుదురు తుడుచుకున్నారు. నీలాద్రిరావు గారు గొంతు సవరించుకున్నారు. చయనులు గారి గొంతు కొంచెం దిగింది. "చూడవయ్యా. సముద్రమును యథాస్థానమునకు తెచ్చు మార్గము ఒకటి ఉన్నది. గ్రాఫు తప్పు కాజాలదు, అది ఆమోదించబడినది. ఆమోదించిన వారు తప్పు కాజాలరు. బాణము మాత్రమే తప్పు కాగలదు. బాణము గీసినవాడు తానే పొరపాటుగా గీసితినని రాసి ఇచ్చినచో, సవరణకు వీలున్నది."

"తిప్పమన్నది మీరు!" అంది వరూధిని గోడవార నుంచి. "ఎల్లాజీ, సంతకం పెట్టకు. నేను సాక్ష్యం చెబుతాను."

"తప్పక చెప్పవచ్చును" అన్నారు చయనులు గారు. "ఒక కమిటీ వేయబడును. పద్దెనిమిది మాసములలో నివేదిక వచ్చును."

నోటీసు గడువు ఇంకా మూడు రోజులుంది.

కాగితం ముందే టైపు చేసి ఉంది. ఎల్లాజీ చదవమంటే వరూధినే చదివింది. "నేను, సూరాడ ఎల్లాజీ, అటెండరు, గత ముప్పై ఒక్క సంవత్సరములుగా నా అజాగ్రత్త వలన ఎనిమిది వందల పన్నెండు గొట్టములకు బాణములు తలకిందులుగా గుర్తించితిని. ఇందులో పై అధికారుల ప్రమేయము ఏమియు లేదు."

"అన్నీ తప్పేనా బాబు?" అని అడిగాడు ఎల్లాజీ. "ఒక్కటి కూడా తిన్నగా ఎట్టనేదా?"

"అన్నీ" అన్నారు నీలాద్రిరావు గారు బల్ల మీది పేపరువెయిటును చూస్తూ.

ఎల్లాజీకి కళ్ళు మండాయి. వాయుగుండంలో ఊగిన ఓడ గుర్తొచ్చింది. చలిగదిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే ఊదుకుంటూ గీసిన గీతలు గుర్తొచ్చాయి. ఈ లోకంలో తను తప్పు లేకుండా చేసిన పని అదొక్కటే. ఇప్పుడు అదే తప్పని రాసివ్వాలి. అప్పయ్యమ్మ వైపు చూశాడు. ఆమె కుచ్చెళ్ళు వదిలేసి అతని పక్కకొచ్చి నిలబడింది. అతను సంతకం పెట్టాడు.

గడువు తీరే రోజు సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. సముద్రము మరుసటి నెల మొదటి తేదీ నుంచి గంగమ్మపేట ఒడ్డున ఉండుటకు అనుమతించడమైనదనీ, ఈలోగా పేటవాసులు దానిని తాత్కాలిక జలముగా భావించవలెననీ. పడవలు మిగిలాయి. కార్డులు తిరిగొచ్చాయి. స్వెటర్లు వెనక్కి తీసుకున్నారు. ఎల్లాజీ తొమ్మిది రోజులు కూర్చుని ఎనిమిది వందల పన్నెండు బాణాలు తుడిచి, మళ్ళీ తిన్నగా గీశాడు. ఇప్పుడు వాటికి పైస్థాయి ఆమోదం కూడా ఉంది.

గ్రాఫు సంగతంటారా? మళ్ళీ దిగింది. కానీ ఈసారి ఎవరికీ చెమట పట్టలేదు. చయనులు గారు తెరిపించిన ఫైలు ఒకటి జవాబు కోసం ఎదురుచూస్తోంది కదా, దాన్ని మూసేశారు. సముద్ర ఉత్పాదకత ఇరవై వేల సంవత్సరములుగా క్షీణించుటకు బాధ్యుడు: సూరాడ ఎల్లాజీ, అటెండరు. ఆ వాక్యాన్నే ఎర్రసిరాతో అతని సర్వీసు పుస్తకంలోకి ఎక్కించారు.

రిటైరైన రోజున ఆనవాయితీ ప్రకారం సభ చేశారు. ఎల్లాజీ పొరపాట్లను సంస్థ పెద్ద మనసుతో క్షమించిందని నీలాద్రిరావు గారు సెలవిచ్చారు. జ్ఞాపికగా ఒక గాజుగొట్టం బహూకరించారు. మూరెడు పొడుగు, లోపల సముద్రపు బురద, బయట బంగారురంగు బాణం, కింద చెక్కపీట. అతికించిన వాళ్ళు సామాన్ల విభాగం వాళ్ళు.

ఎల్లాజీ దాన్ని బల్ల మీద పెట్టి వంగి చూశాడు. వేలితో గాజును తట్టాడు. మజ్జిగలాంటి బురద కింది కొసన కదిలింది, జున్నులాంటిది పై కొసన బిగుసుకుని ఉంది. తరవాత గొట్టాన్ని పీట నుంచి మెల్లిగా ఊడదీశాడు. పై కొస కిందికీ కింది కొస పైకీ తెచ్చి, మళ్ళీ పీటలో దించాడు. బంగారు బాణం నేల చూపులు చూసింది. చప్పట్లు ఆగిపోయాయి.

"ఏమిటయ్యా అది? మళ్ళీ తిప్పేస్తున్నావా?" అన్నారు నీలాద్రిరావు గారు, సభలో నవ్వు కోసం చూస్తూ.

వరూధిని తప్ప ఆ గదిలో ఎవరికీ అతనేం చేశాడో తెలియలేదు. ఎల్లాజీ గొట్టాన్ని గుండెకు ఆనించుకుని, పీట కింద చేయి పెట్టి లేచాడు.

"నాను తిప్పనేదు బాబు" అన్నాడు. "తిన్నగా ఎట్టినాను."